శశి కపూర్ మరదలు అంటే సరిపోదు: ఫెలిసిటీ కెండల్ గురించి కాస్త వివరంగా

మీరు అడిగింది ఇదీ. పాత హిందీ సినిమాల గురించి చదువుతుంటే శశి కపూర్ భార్య జెన్నిఫర్‌కి ఫెలిసిటీ కెండల్ అనే చెల్లెలు ఉందని, ఆమె బ్రిటన్‌లో పెద్ద టీవీ నటి అని తెలిసింది. ఇంగ్లండ్‌లో మీరు అద్దెకుంటున్న ఇంటి ఓనరమ్మ ఆ పేరు వినగానే 'ది గుడ్ లైఫ్' అంటూ మురిసిపోయింది. మీరు ఓ ఎపిసోడ్ పెట్టి చూస్తే మేకలు, కోళ్లు, బురద తప్ప ఏమీ కనపడలేదు. ఇంతకీ ఆవిడలో ఏముంది, ఆ ఒక్క సీరియల్ కాకుండా ఇంకేమైనా చేసిందా, లేక కపూర్ల చుట్టం కాబట్టి మనవాళ్లే గొప్ప చేస్తున్నారా?

లండన్ థియేటర్లలో లైట్ల పనిలో చాలాకాలం ఉన్నవాణ్ణి, ఈ తరం నటుల మీద నాకు కాస్త పిచ్చి కూడా ఉంది, అందుకని పొడుగ్గానే చెప్తాను. ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తా, తర్వాత మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు: ఆవిడని టీవీ నటి అనుకుని చూస్తే సగమే కనపడుతుంది. ఆవిడ నాటకాల మనిషి. ఊరూరూ తిరిగే నాటక కంపెనీలో, అదీ మన దేశంలో, తయారైన మనిషి. ఆ రోజుల బ్రిటిష్ సిట్‌కామ్ (నవ్వుల టీవీ సీరియల్) కూడా సగం నాటకమే, అందుకే ఆవిడ అందులో అంత తేలిగ్గా ఇమిడిపోయింది.

పుట్టింది 1946 సెప్టెంబర్ 25న, బర్మింగ్‌హామ్ పక్కన సోలిహల్ దగ్గరున్న ఆల్టన్‌లో. తండ్రి జెఫ్రీ అసలు ఇంటిపేరు బ్రాగ్. లేక్ డిస్ట్రిక్ట్ పక్కనున్న కెండల్ ఆయన సొంత ఊరు, నాటకాల్లోకి వచ్చాక ఊరి పేరే ఇంటిపేరు చేసుకున్నాడు. మనకిది వింతేం కాదు, మన ఇంటిపేర్లలో సగం అలా వచ్చినవే. తల్లి లారా లిడెల్ కూడా నటే. ఇద్దరూ కలిసి షేక్స్‌పియర్ నాటకాలు ఆడే సొంత కంపెనీ నడిపేవాళ్లు, దాని పేరు షేక్స్‌పియరానా. ఫెలిసిటీ మొదటిసారి స్టేజీ ఎక్కింది తొమ్మిది నెలల వయసులో, 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'లో ఓ పసిపిల్లాడి పాత్రకి చంటిబిడ్డ కావాలి, ఇంట్లో ఉంది కదా, ఎత్తుకొచ్చేశారు. మన సురభి కుటుంబాల్లో పిల్లలు ఉయ్యాలలోంచి నేరుగా స్టేజీ మీదకి వచ్చేస్తారని చెప్పుకుంటాం చూడండి, అచ్చం ఆ బాపతు. వంట చేసే మనిషే రాణి వేషం వేస్తుంది, తండ్రే డైరెక్టరు, తండ్రే హీరో, తండ్రే జీతం ఇచ్చే (లేదా ఎగ్గొట్టే) యజమాని.

జెఫ్రీ మొదట ఇండియా వచ్చింది రెండో ప్రపంచయుద్ధం చివర్లో, సైనికుల కోసం నాటకాలు వెయ్యడానికి. యుద్ధం అయిపోయాక అందరూ ఇంగ్లండ్ వెళ్లే ఓడలెక్కుతుంటే ఈయన ఎదురుదారిలో కంపెనీని తీసుకుని మళ్లీ ఇండియా వచ్చాడు. ఫెలిసిటీకి ఏడేళ్లప్పుడు కుటుంబం మొత్తం ఇక్కడికే చేరింది. 1953 జూన్ నుంచి 1956 డిసెంబర్ దాకా వాళ్లు ఆడిన ప్రదర్శనలు 879. మూడున్నరేళ్లలో! సగటున మూడు రోజులకి రెండు ఆటలు పడ్డట్టు, అదీ మధ్యలో రైలు ప్రయాణాలు, ట్రంకు పెట్టెలు, జ్వరాలు, వానలు అన్నీ కలుపుకుని. ఇవాళ మహారాజుగారి దర్బారు హాల్లో 'ఒథెల్లో', రేపు ఏదో కాన్వెంట్ స్కూల్లో వందలమంది పిల్లల ముందు 'మర్చంట్ ఆఫ్ వెనిస్'. ఉత్పల్ దత్ ఉన్నాడే, 'గోల్‌మాల్'లో మీసాల మీద మోజుపడే ముసలాయన, ఆయన కుర్రతనంలో ఈ కంపెనీలోనే పనిచేశాడు, జెఫ్రీని గురువు అనే చెప్పుకునేవాడు.

చదువు సంగతి అడగొద్దు. కంపెనీ ఎక్కడ ఆగితే అక్కడి లొరెటో కాన్వెంట్‌లో పడేసేవాళ్లు, అలా ఆరు మారింది. యాక్టింగ్ స్కూలు మొహం చూడలేదు. లండన్‌లో ఆవిడ తోటి నటుల్లో చాలామంది రాడా (లండన్‌లో పేరున్న యాక్టింగ్ స్కూలు) లాంటి చోట్ల నేర్చుకున్నది ఈవిడ కంపెనీ పెట్టెలు మోస్తూ, ముందు తెర వెనక పనులు, తర్వాత కుర్రాళ్ల వేషాలు, ఆ తర్వాత కథానాయిక పాత్రలు వేస్తూ నేర్చుకుంది. ఇక్కడొకటి గమనించండి. స్కూలు పిల్లలకి మర్యాద కోసం చప్పట్లు కొట్టడం తెలీదు. బోరు కొడితే క్షణాల్లో గోల మొదలైపోతుంది. వాళ్లని రెండు గంటలు కూర్చోబెట్టాలంటే ఎక్కడ ఆగాలి, ఎక్కడ పరిగెత్తాలి అన్నది ఒంట్లోకి ఎక్కిపోవాలి. దీని గురించి మళ్లీ చెప్తాను, గుర్తుపెట్టుకోండి.

కలకత్తాలో 1956లో శశి కపూర్, జెన్నిఫర్ కలవడం, తండ్రి ససేమిరా అనడం, 1958లో పెళ్లి, ఇదంతా మీకు తెలిసిన కథే కాబట్టి వదిలేస్తున్నా. తెలియనిది ఏంటంటే ఇంట్లో దాని ప్రభావం. కంపెనీకి కూతుళ్లే కథానాయికలు, పెద్దకూతురు వెళ్లిపోయింది, కాబట్టి బరువు మెల్లగా చిన్నదాని మీద పడింది. పన్నెండు పదమూడేళ్ల తేడా ఉన్న అక్కచెల్లెళ్లు వాళ్లు. జెన్నిఫర్ అంటే ఆమెకి అక్కా, రెండో అమ్మా కూడా.

1965లో 'షేక్స్‌పియర్ వాలా' వచ్చింది. జేమ్స్ ఐవరీ దర్శకుడు, ఇస్మాయిల్ మర్చంట్ నిర్మాత, ఐవరీతో కలిసి కథ రాసింది రూత్ ప్రావర్ జాబ్‌వాలా, సంగీతం సత్యజిత్ రాయ్, కెమెరా ఆయన మనిషే సుబ్రత మిత్ర. స్వాతంత్ర్యం వచ్చాక ఇండియాలో షేక్స్‌పియర్ ఆడుకుంటూ తిరిగే ఇంగ్లీషు కుటుంబం, సినిమాల దెబ్బకి వాళ్ల నాటకాలు చూసేవాళ్లు తగ్గిపోవడం, కూతురు లిజీ ఓ ఇండియన్ కుర్రాడితో ప్రేమలో పడటం. తల్లిదండ్రుల పాత్రల్లో అసలు తల్లిదండ్రులే, లిజీగా ఫెలిసిటీ, కుర్రాడు శశి కపూర్! అంటే సొంత బావ సరసన ప్రేమకథ, అదీ అక్క కథకి దగ్గరగా ఉన్న కథ. తలచుకుంటేనే ఇబ్బందిగా ఉంటుంది కానీ తెరమీద ఆ ఇబ్బంది ఎక్కడా కనపడదు. బెర్లిన్ ఉత్సవంలో ఉత్తమ నటి అవార్డు మాత్రం సినిమా తార పాత్ర వేసిన మధుర్ జాఫ్రీకి వెళ్లింది, న్యాయంగానే వెళ్లింది. జెఫ్రీకి ఆ సినిమా పెద్దగా నచ్చలేదు, తన కంపెనీ చితికిపోయినట్టు చూపించారని ఆయన బాధ.

కలకత్తాలో పదిహేడేళ్లప్పుడు ఫెలిసిటీ టైఫాయిడ్ వచ్చి మంచాన పడింది. అప్పటికే మనసులో ఇంగ్లండ్ వెళ్లాలని ఉంది. తండ్రికి అది కంపెనీని వదిలేసి పారిపోవడంలా అనిపించింది. చివరికి వెళ్లింది. అక్కడ ఎవరికీ ఈమె తెలీదు. ఇండియాలో వందల ఆటలు ఆడాను అంటే లండన్ ఏజెంటుకి అదో వింత కథ, అర్హత కాదు. అయినా 1966లో బీబీసీ నాటకం ఒకదాంట్లో మహానటుడు జాన్ గీల్‌గుడ్ సరసన ఛాన్స్ వచ్చింది, 1967లో లండన్ స్టేజీ మీద మొదటి నాటకం పడింది. తర్వాత ఏడెనిమిదేళ్లు చిన్నాచితకా టీవీ పాత్రలు, ఊళ్లల్లో నాటకాలు, నటుడు డ్రూ హెన్లీతో పెళ్లి, కొడుకు. ఈ భాగంలో చెప్పుకోడానికి పెద్దగా ఏం లేదు.

మలుపు 1974లో. అలన్ ఎయిక్‌బర్న్ రాసిన 'ది నార్మన్ కాంక్వెస్ట్స్' అని మూడు నాటకాల కట్ట ఒకటుంది. ఒకే ఇల్లు, ఒకే వీకెండు, ఒకే ఆరుగురు మనుషులు. మొదటి నాటకం డైనింగ్ రూమ్‌లో ఏం జరిగిందో చూపిస్తుంది, రెండోది హాల్లో, మూడోది తోటలో. ఒక నాటకంలో తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయిన మనిషి ఇంకో నాటకంలో లోపలికొస్తాడు. గ్రీనిచ్ థియేటర్లో మొదలై వెస్ట్ ఎండ్‌కి (లండన్‌లో పెద్ద థియేటర్లుండే చోటు) వచ్చిన ఆ ప్రదర్శనలో నటులెవరో చూడండి: టామ్ కోర్ట్‌నీ, మైకేల్ గాంబన్ (అవును, తర్వాత డంబుల్‌డోర్ అయిన ఆయనే), పెనెలోపీ విల్టన్, పెనెలోపీ కీత్, మార్క్ కింగ్‌స్టన్, ఫెలిసిటీ. మంచాన పడ్డ తల్లికి సేవ చేస్తూ ఇంట్లోనే ఉండిపోయిన చిన్నకూతురు యానీ ఈమె పాత్ర. మాసిన స్వెటరు, దువ్వని జుట్టు, లోపల బోలెడు కోపం, బయటికి నవ్వు. ఆ యానీనే ఓ ఏడాది తర్వాత పేరు మార్చుకుని టీవీలోకి వచ్చిందని నాకనిపిస్తుంది.

ఎందుకంటే బీబీసీలో రిచర్డ్ బ్రియర్స్ కోసం ఒక సిట్‌కామ్ తయారవుతోంది. బ్రియర్స్ అప్పటికే పేరున్న టీవీ నటుడు, మిగతా ముగ్గురినీ వెతకాలి. ఈ నాటకంలో కీత్‌నీ ఫెలిసిటీనీ చూసి ఇద్దరినీ అక్కణ్ణించే పట్టుకొచ్చారు. నాలుగోవాడు పాల్ ఎడింగ్టన్, కొన్నేళ్లకి 'యెస్ మినిస్టర్'లో మంత్రిగా ప్రపంచానికంతా తెలిసినాయన.

ఇక 'ది గుడ్ లైఫ్'. రాసింది జాన్ ఎస్మాండ్, బాబ్ లార్బీ. 1975 ఏప్రిల్ 4న బీబీసీ వన్‌లో మొదలైంది. కథ మీరు చూశారు కానీ సందర్భం తెలియకపోతే అందదు. టామ్ గుడ్ అనే ఆయన బ్రేక్‌ఫాస్ట్ సీరియల్ డబ్బాల్లో పెట్టే ప్లాస్టిక్ బొమ్మలు డిజైన్ చేస్తుంటాడు. నలభయ్యో పుట్టినరోజు నాడు, ఛీ ఇదా బతుకు అనుకుని ఉద్యోగం మానేసి, లండన్ శివార్లలో సర్బిటన్‌లో తన ఇంటి తోట దున్నేసి, తమకి కావలసింది తామే పండించుకు తినాలని నిర్ణయిస్తాడు. భార్య బార్బరా ఆలోచించుకుని సరే అంటుంది. పక్కింట్లో అదే కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసే జెరీ, అతని భార్య మార్గో, పరువు ప్రతిష్ఠల మనిషి. చమురు సంక్షోభం, 1974 మొదట్లో కరెంటు ఆదా కోసం వారానికి మూడు రోజులే ఫ్యాక్టరీలు నడపడం, 1975లో ధరలు ఏడాదికి 24 శాతం పైన పెరగడం, ఇలాంటి రోజుల్లో 'అసలు ఈ ఉద్యోగమే వద్దు' అనే మాట టీవీలో వినపడితే జనం ఎలా చూసుంటారో ఊహించుకోండి. మీ ఓనరమ్మ మురిసిపోయింది మేకని చూసి కాదు. ఆ మేక పేరు జెరాల్డీన్, కోడిపుంజు పేరు లెనిన్, సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నా.

సిట్‌కామ్ సగం నాటకమే అన్నాను కదా, అదెలాగో చెప్తా. అప్పట్లో బీబీసీలో పద్ధతి ఏంటంటే, బయట తీసే సీన్లు ముందే ఫిల్ము మీద తీసి పెట్టుకునేవాళ్లు (అది సర్బిటన్ కాదు, నార్త్‌వుడ్‌లో ఓ వీధి). తర్వాత వారమంతా రిహార్సల్ గదుల్లో నేలమీద టేపులు అంటించి ఇక్కడ తలుపు, ఇక్కడ సోఫా అనుకుంటూ సాధన. వారం చివర స్టూడియోలో సెట్టు వేసి, ఎదురుగా మెట్ల వరసల్లో ఫ్రీ టికెట్ల మీద వచ్చిన ఓ మూడొందలమంది జనం కూర్చుంటే, మొదటి సీను నుంచి చివరి సీను దాకా వరసగా ఆడి రికార్డ్ చేసేవాళ్లు. రాత్రి పదింటికి పని ఆగిపోవాలి, యూనియన్ రూలు. టేకుల మీద టేకులు తీసుకునే తీరిక లేదు. జనం నవ్వితే నటుడు ఆగాలి. ఎంతసేపు? నవ్వు పైకి ఎక్కి, దిగడం మొదలయ్యాక, పూర్తిగా చావకముందు తర్వాతి డైలాగు అందుకోవాలి. తొందరపడితే డైలాగు వినపడదు, ఆలస్యమైతే సీను చచ్చిపోతుంది. పైగా ఇంట్లో చూసేవాడికి ఆ ఆగడం తెలియకూడదు, ఆ రెండు క్షణాలు మొహంలో ఏదో ఒకటి జరుగుతుండాలి. కాన్వెంట్ పిల్లల గోల మధ్య పెరిగిన అమ్మాయికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆ ఎపిసోడ్ ఇంకోసారి పెట్టి ఈసారి మాట్లాడేవాళ్లని కాదు, వినే బార్బరాని చూడండి. పేపరు మీద ఆ నాలుగు పాత్రల్లో బలహీనమైనది బార్బరాదే. టామ్‌కి పిచ్చి ఆలోచనలు, మార్గోకి అద్భుతమైన డైలాగులు, జెరీకి వెటకారం ఉన్నాయి. బార్బరాకి? మొగుడు ఏదంటే అది ఒప్పుకునే భార్య. ఇంకెవరైనా చేసుంటే తలూపే బొమ్మ అయ్యుండేది. ఫెలిసిటీ ఏం చేసిందంటే, ప్రతి ఒప్పుకోలు ముందూ ఒక చిన్న లెక్క పెట్టింది. టామ్ ఏదో అంటాడు, ఆమె అతన్ని ఓసారి చూస్తుంది, ఆ చూపులో 'నీకు పిచ్చెక్కింది', 'నాకు కాళ్లు నొప్పెడుతున్నాయి', 'అయినా సరే' అనే మూడూ వరసగా వెళ్లిపోతాయి, అప్పుడు నవ్వుతుంది. జనం నవ్వేది టామ్ మాటకి, ఆ కథని నమ్మేది మాత్రం ఆమె చూపుని బట్టి. ఆమె నమ్మబట్టే మనమూ నమ్ముతాం. బురద బూట్లు, మగవాడి చొక్కా వేసుకుని కూడా బ్రిటన్ మగాళ్లందరినీ ప్రేమలో పడేసిందని అప్పటి పత్రికలు తెగ రాశాయి, 1981లో 'రియర్ ఆఫ్ ది ఇయర్' (ఆ ఏటి అందమైన పిరుదులు) అని ఒక పిచ్చి బిరుదు కూడా ఇచ్చారు. ఇప్పుడైతే ఏమంటారో కానీ, అప్పటి పత్రికలకి ఆవిడలో నటి కంటే ఇదే ఎక్కువ కనపడింది. ఆవిడ పేరు ఎత్తగానే 'ముద్దుగా ఉండేది' అనే మాట రావడం అక్కణ్ణించే మొదలు.

దానికి సరైన జవాబు నాలుగో సిరీస్ చివరి ఎపిసోడ్ 'యానివర్సరీ', 1977. నలుగురూ సంతోషంగా గడిపి ఇంటికి తిరిగొచ్చేసరికి ఎవరో దూరి గుడ్ దంపతుల ఇల్లంతా ధ్వంసం చేసి ఉంటారు. సిట్‌కామ్‌లో ఇలాంటి సీను ఊహించం. బార్బరా విరిగిపోతుంది, ఇక నావల్ల కాదు అంటుంది, అంతసేపూ నవ్వుతున్న స్టూడియో జనం నిశ్శబ్దమైపోతారు. ఆ సీనులో ఆమె 'ముద్దుగా' లేదు, అలిసిపోయిన ముప్పై ఏళ్ల మనిషిలా ఉంది. మూడేళ్ల నవ్వుల వెనక దాచిన లెక్కంతా అక్కడ బయటపెట్టింది. నన్నడిగితే ఆవిడ టీవీ జీవితంలో ఇదే పైమెట్టు.

మొత్తం నాలుగు సిరీస్‌లు, ఒక్కో దాంట్లో ఏడు, పైన రెండు స్పెషల్స్, కలిపి 30 ఎపిసోడ్లు. అంతే! మన డైలీ సీరియల్ నెలన్నరలో దాటేసే అంకె. ఇద్దరు రచయితలే అన్నీ రాయాలి, బాగున్నప్పుడే ఆపెయ్యాలి అనేది వాళ్ల పద్ధతి. చివరి ఎపిసోడ్ 1978 జూన్ 10న వచ్చింది, దాని రికార్డింగ్‌కి ఎలిజబెత్ రాణి, ప్రిన్స్ ఫిలిప్ స్వయంగా వచ్చి జనంలో కూర్చున్నారు. షేక్స్‌పియరానా పెట్టెలు మోసిన అమ్మాయికి రాజుల ముందు ఆడటం కొత్తేం కాదులెండి.

తర్వాత టీవీలో ఏమైంది అంటే, కార్లా లేన్ అనే లివర్‌పూల్ రచయిత్రి ఆమెతో రెండు చేసింది. 'సోలో' (1981-82) మోసం చేసిన ప్రియుణ్ణి గెంటేసి ఒంటరిగా బతకాలనుకునే ముప్పై ఏళ్ల అమ్మాయి కథ. 'ది మిస్ట్రెస్' (1985-87) పెళ్లైన మగాడితో సంబంధం ఉన్న పూలకొట్టు యజమానురాలి కథ. రెండోదానికి జనం మొహం చిట్లించారు, మా బార్బరా ఇలాంటి పాత్ర వెయ్యడమేంటని. నాకు ఆ రెండూ ఇష్టమే, కార్లా లేన్ నవ్వుల్లో ఎప్పుడూ కాస్త చేదు ఉంటుంది, అది ఫెలిసిటీకి బాగా కుదిరింది. 1994లో 'హనీ ఫర్ టీ'లో అమెరికన్ వితంతువుగా వేసింది, ఆ యాస కుదరలేదు, ఒక్క సిరీస్‌తో మూతపడింది. 2003లో ఐటీవీలో 'రోజ్‌మరీ అండ్ థైమ్' మొదలైంది, పామ్ ఫెరిస్‌తో కలిసి తోటపని చేస్తూ హత్యల గుట్టు విప్పే ఇద్దరు ఆడవాళ్ల కథ. మూడు సిరీస్‌లు నడిచింది. హత్యలు అంత గొప్పగా ఉండవు, తోటలు మాత్రం చూడాలి. 2008లో 'డాక్టర్ హూ' అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్‌లో అగాథా క్రిస్టీ కథలో లేడీ ఎడిసన్‌గా వచ్చింది, ఆ పాత్ర యవ్వనంలో ఇండియా వెళ్లి అక్కడ ఓ గ్రహాంతరవాసిని ప్రేమిస్తుంది, ఆవిడ ఎటు పోయినా ఇండియా వదల్లేదు చూడండి! 2010లో అరవై నాలుగేళ్ల వయసులో 'స్ట్రిక్ట్‌లీ కమ్ డాన్సింగ్'లో డాన్సు కూడా చేసింది.

కానీ ఇదంతా పక్క పని. అసలు పని స్టేజీ. 1979లో నేషనల్ థియేటర్‌లో 'అమేడియస్' మొదటి ప్రదర్శనలో మొజార్ట్ భార్య కాన్‌స్టాంజ్ పాత్ర ఆమెదే, మొజార్ట్‌ని చూసి కుళ్లుకునే సాలియేరీగా పాల్ స్కోఫీల్డ్, పీటర్ హాల్ దర్శకుడు. 1989లో 'మచ్ అడో అబౌట్ నథింగ్', 'ఇవానోవ్' రెండింటికీ కలిపి ఈవెనింగ్ స్టాండర్డ్ ఉత్తమ నటి అవార్డు. 1995లో సీబీఈ అనే బ్రిటిష్ ప్రభుత్వ బిరుదు. 2003లో బెకెట్ 'హ్యాపీ డేస్', అంటే మొదట నడుం దాకా, తర్వాత మెడ దాకా మట్టిలో కూరుకుపోయి ఒక్కతే మాట్లాడుతూ ఉండాలి. చూపులతో నటించే మనిషికి అంతకంటే పరీక్ష ఏముంటుంది? 2021లో, డెబ్బై నాలుగేళ్ల వయసులో, బార్బికన్‌లో 'ఎనీథింగ్ గోస్' అనే మ్యూజికల్.

ఇందులో పెద్ద భాగం టామ్ స్టాపార్డ్ నాటకాలది. 'ది రియల్ థింగ్' (1982), 'హ్యాప్‌గుడ్' (1988), 'ఆర్కేడియా' (1993), వీటి మొదటి ప్రదర్శనల్లో ముఖ్య స్త్రీ పాత్రలు ఆమె చేసింది. వాళ్లిద్దరి ప్రేమ గురించి బ్రిటిష్ పత్రికలు రాయనిది లేదు, నేను దాని జోలికి వెళ్లను. నాకు ఆసక్తి కలిగించేది ఇంకొకటి. స్టాపార్డ్ చెకొస్లొవేకియాలో పుట్టిన యూదు పిల్లాడు, నాజీల భయంతో కుటుంబం సింగపూర్, అక్కణ్ణించి ఇండియా చేరింది, డార్జిలింగ్‌లో బడికి వెళ్లాడు, తల్లి ఒక బ్రిటిష్ మేజర్‌ని పెళ్లి చేసుకుంటే 1946లో ఇంగ్లండ్ వచ్చేశాడు. ఆ ఏడాదే ఫెలిసిటీ పుట్టింది. అంటే ఇద్దరికీ చిన్నతనం అంటే ఇండియానే. ఆయన 1991లో రేడియో కోసం రాసిన 'ఇన్ ది నేటివ్ స్టేట్' తర్వాత 1995లో 'ఇండియన్ ఇంక్' అనే నాటకమైంది: 1930లో ఇండియా వచ్చిన ఫ్లోరా క్రూ అనే ఇంగ్లీషు కవయిత్రి, ఆమె బొమ్మ గీసే నీరద్ దాస్ అనే చిత్రకారుడు, యాభై ఏళ్ల తర్వాత ఆ ఇద్దరి మధ్య ఏం జరిగిందో తెలుసుకోవాలని చూసేవాళ్లు. రెండింట్లోనూ ఫ్లోరా ఫెలిసిటీయే. 2025 డిసెంబర్‌లో హాంప్‌స్టెడ్ థియేటర్‌లో అదే నాటకం మళ్లీ వేసినప్పుడు ఆమె ఫ్లోరా చెల్లెలు, ముసలి మిసెస్ స్వాన్ పాత్రకి మారింది. సొంత జీవితంలో కూడా అక్క పోయాక మిగిలిపోయిన చెల్లెలే ఆమె. జెన్నిఫర్ 1984లో క్యాన్సర్‌తో చనిపోయింది.

జెన్నిఫర్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక్క మాట. మీకు అక్కాచెల్లెళ్లలో ఎవరు గొప్ప అనే ప్రశ్న ఎలాగూ వస్తుంది. '36 చౌరంగీ లేన్' (1981) చూస్తే అక్కే అంటారు, ఆ సినిమాకి బాఫ్టా (బ్రిటన్ సినిమా అవార్డు) నామినేషన్ కూడా వచ్చింది. మన హైదరాబాదువాడు శ్యామ్ బెనెగల్ తీసిన 'జునూన్'లో కూడా ఉంది. ముంబై జుహూలో పృథ్వీ థియేటర్ 1978లో కట్టి నిలబెట్టింది శశి, జెన్నిఫర్ కలిసి, అంటే తండ్రి కంపెనీ ఒక రకంగా అక్కడ బతికింది. ఫెలిసిటీ తండ్రి మీద, కంపెనీ మీద తన ఆత్మకథ 1998లో రాసింది, ఆయన పోయింది కూడా ఆ ఏడాదే. ఆయనతో గొడవపడి వెళ్లిన కూతురు రాసిన పుస్తకం అది, కాబట్టి పొగడ్తలతోపాటు కోపమూ ఉంటుంది. 2012లో బీబీసీ కోసం మళ్లీ ఇండియా వచ్చి షేక్స్‌పియర్ ఇక్కడ ఎలా పాతుకుపోయాడో వెతుకుతూ ఒక డాక్యుమెంటరీ కూడా చేసింది.

కాబట్టి చుట్టరికం వల్ల వచ్చిన పేరు కాదు. బ్రిటన్‌లో మీ ఓనరమ్మ వయసువాళ్లలో చాలామందికి ఆమె శశి కపూర్ మరదలని తెలీను కూడా తెలీదు, అసలు శశి కపూరే తెలీదు, చెప్తే ఆశ్చర్యపోతారు.

ఏం చూడాలి, ఏ వరసలో అంటే, ముందు 'షేక్స్‌పియర్ వాలా', నలుపు తెలుపు సినిమా, నింపాదిగా నడుస్తుంది, ఓపిగ్గా చూడండి. తర్వాత 'ది గుడ్ లైఫ్' మొదటి ఎపిసోడ్. అందులో మార్గో మొహం కనపడదు, గొంతే వినపడుతుంది, ఏదో పొరపాటు జరిగిందనుకోకండి. తర్వాత సరాసరి 1977 క్రిస్మస్ స్పెషల్‌కి వెళ్లండి. తను ఆర్డరిచ్చిన క్రిస్మస్ చెట్టు ఆరంగుళాలు పొట్టిగా ఉందని మార్గో మొత్తం సరుకునే వెనక్కి పంపించేసి చివరికి పక్కింట్లో న్యూస్‌పేపర్ టోపీలు పెట్టుకుని పండగ చేసుకునే ఎపిసోడ్ అది. పెనెలోపీ కీత్ చెలరేగిపోతుంటే ఫెలిసిటీ ఎంత నిబ్బరంగా పక్కకి తప్పుకుని చోటిస్తుందో చూడండి. ఆ తర్వాత 'యానివర్సరీ'. అక్కడికి మీకు నచ్చకపోతే ఇక బలవంతం లేదు, నచ్చితే 'సోలో' వెతుక్కోండి. 'రోజ్‌మరీ అండ్ థైమ్' ఆదివారం మధ్యాహ్నం భోంచేశాక బాగుంటుంది. 'హనీ ఫర్ టీ' జోలికి మాత్రం వెళ్లకండి.